పిల్లి రక్తంలో కాల్షియం, పెరుగన్నం మీద నింద

పెరుగన్నం పెట్టి పెట్టి నేనే మా పిల్లికి కాల్షియం ఎక్కించానని మావాళ్ళు చెప్పుకుంటారు. ద్రాక్షారామంలో పెళ్ళికి వెళ్తే అక్కడ అదే మాట. సామర్లకోటలో అన్నప్రాసనకి వెళ్తే అక్కడా అదే. "పొద్దున గిన్నెడు పాలు, మధ్యాహ్నం గిన్నెడు పెరుగు పోసేదట. అదంతా రక్తంలో పేరుకుపోయిందట" అని, నన్ను చూడగానే గొంతు తగ్గించి, నేను అటు తిరగగానే మళ్ళీ పెంచి మరీ చెప్పుకుంటారు. నేను కెమిస్ట్రీలో డిగ్రీ చేసినదాన్ని. పెరుగు తింటే రక్తంలో కాల్షియం పేరుకుపోయేట్టయితే, గడ్డపెరుగు పడకుండా విస్తరి ముందునుంచి లేవని మా గోదావరి జిల్లాల మగవాళ్ళందరూ ఈపాటికి సున్నపు బొమ్మలైపోయి ఉండాలి. ఈ మాట ఆ పెళ్ళి భోజనాల దగ్గరే అన్నాను. విన్నవాళ్ళు వడ్డించేవాణ్ణి పిలిచి ఇంకాస్త పెరుగు వేయించుకున్నారు.

జరిగింది వేరు. అందులో నా తప్పు లేకపోలేదు, కానీ అది వాళ్ళు చెప్పే తప్పు కాదు.

రాజమండ్రిలో మాది పాత ఇల్లు. ఇంట్లో నేను, మా ఆయన, మా ఆయన అక్కగారు. వదినగారు టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయాక మా దగ్గరే ఉంటున్నారు. రెండు తరాల క్రితం కోనసీమ నుంచి వచ్చిన కుటుంబం, కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. పిల్లి మాత్రం పదకొండేళ్ళ క్రితం ఎవరూ పిలవకుండానే వచ్చింది. వచ్చిన రోజు నుంచి వదినగారి కుర్చీ తనదే అన్నట్టు ప్రవర్తించింది.

మా పెరటి గుమ్మం అవతల ఒక సందు ఉంది. రోజూ పొద్దున్నే చేపలావిడ రేవు నుంచి బుట్టతో ఆ సందులోంచి వస్తుంది. మా గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగి, వేలెడంత పరిగె చేపలు నాలుగు ఆకులో పెట్టి గట్టు మీద వదిలి వెళ్తుంది. పిల్లి తింటుంది. నేను ఆవిడకి గ్లాసుడు కాఫీ ఇచ్చి, ఆవిడ వెళ్ళాక గట్టు మీద బకెట్టుడు నీళ్ళు కొడతాను. ఆ నీళ్ళు ఎందుకు కొడుతున్నానో వదినగారు ఏనాడూ అడగలేదు, నేను చెప్పలేదు. మా ఆయన ఆ సమయానికి సరిగ్గా పేపరు అడ్డం పెట్టుకుంటారు. ఎవరూ చూడలేదు కాబట్టి మా పిల్లి శాకాహారి. పదకొండేళ్ళూ ఇలాగే నడిచింది.

కిందటి వేసవిలో అది చిక్కిపోవడం మొదలుపెట్టింది. వీపు మీద చెయ్యి వేస్తే వెన్నుపూసలు ఒక్కొక్కటీ తగులుతున్నాయి. బాత్రూంలో బకెట్టు అంచు పట్టుకుని మనిషి తాగినట్టు నీళ్ళు తాగేది. పూలకుండీలో మట్టి తవ్వి కూర్చుని, ఎంతసేపు ముక్కినా ఏమీ రాక, మా మొహాలు చూస్తూ అరిచేది. ఎండలకేమో అన్నారు మా ఆయన. మా ఆయనకి ఏ జబ్బయినా ఎండలకే. నేను దాన్ని బుట్టలో పెట్టుకుని, ఆటో పిలిచి పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరాను. బుట్ట నా ఒళ్ళో ఉంటే అది భయపడుతుందని వదినగారు కూడా ఎక్కారు.

డాక్టరు చిన్న పిల్ల. కళ్ళజోడు పైనుంచి చూస్తుంది. రక్తం తీసింది, పొట్ట నొక్కింది, తర్వాత పెన్ను తీసి అడిగింది.

"ఏం తింటుందండీ?"

"పెరుగన్నం. పాలు" అన్నాను.

"చేపలు, మాంసం?"

నేను నోరు తెరిచేలోపు వదినగారు అందుకున్నారు. "మేం ముట్టమండీ."

"మీ గురించి కాదండీ, పిల్లి గురించి అడుగుతున్నాను."

"మా ఇంట్లో ఎవరూ ముట్టరండీ" అన్నారు వదినగారు, 'ఎవరూ' అన్న చోట బుట్టలోకి చూస్తూ.

డాక్టరు నావైపు చూసింది. నేను గోడ మీద కుక్కపిల్లల క్యాలెండరు చూశాను. వదినగారి ఎదురుగా, పరాయి మనిషి ముందు, పదకొండేళ్ళుగా కొడుతున్న బకెట్టు నీళ్ళ సంగతి ఎలా చెప్పను? నా తప్పు అంటే అదీ. డాక్టరు 'శాకాహారం' అని రాసుకుంది. రాసుకుంటూ, "వట్టి పెరుగన్నం మీద పిల్లి పదకొండేళ్ళు బతకదండీ, ఎవరో ఎక్కడో పెడుతూ ఉండాలి" అని నవ్వింది. మేమిద్దరం నవ్వలేదు.

మర్నాడు ఫోన్ చేసింది. రక్తంలో కాల్షియం పదకొండు దాటకూడదట, పద్నాలుగు ఉందట. ఇలాగే వదిలేస్తే ముందు కిడ్నీలు పోతాయి, రాళ్ళు పడతాయి, కిడ్నీలు పోయిన ముసలి పిల్లిని వెనక్కి తెచ్చుకోలేమని చెప్పింది. "ముందు పాలు, పెరుగు ఆపి, నేను చెప్పిన మేత పెట్టి చూడండి. ఎక్స్‌రే, స్కాన్ కూడా తీద్దాం" అంది. ఇదిగో, ఆ 'పాలు ఆపండి' అన్న మాట ఒక్కటీ మా ఆయన ఫోన్లో తన పెదనాన్న కొడుక్కి చెప్పారు. అక్కణ్ణించి అది ద్రాక్షారామం దాకా నడిచిపోయింది.

స్కాన్‌లో గడ్డలేమీ లేవు. కిడ్నీలు ఇంకా బాగానే ఉన్నాయి. అంటే సమయం ఉంది, కానీ ఎంత ఉందో తెలియదు. నాకు అనుమానం పట్టుకుంది. కాల్షియం గాల్లోంచి పుట్టదు. ఎక్కణ్ణించో వస్తుంది, ఎవరో తెస్తారు. మొదట బోరు నీళ్ళని పట్టుకున్నాను. మా గిన్నెల అడుగున తెల్లగా పేరుకునేది కాల్షియం కాక ఇంకేంటి? పిల్లికి కాచి వడగట్టిన మునిసిపాలిటీ నీళ్ళు పెట్టాను. అది వాటిని వాసన చూసి బకెట్టు దగ్గరికే పోయింది. తర్వాత ముగ్గుపిండి. మా ముగ్గుపిండి బియ్యప్పిండి కాదు, రాతిపొడి. పిల్లి ముగ్గు తొక్కి కాళ్ళు నాక్కుంటుంది కదా అని ముగ్గు మానేశాను.

"వాకిట్లో ముగ్గు లేకపోతే ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు" అన్నారు వదినగారు.

"ముగ్గు వేస్తే నిజంగానే పోతుందేమో" అన్నాను.

"నీకూ ఓ రక్తపరీక్ష చేయించాలి" అన్నారు మా ఆయన పేపరు వెనకనుంచి.

పాలు ఆపి రెండు నెలలైంది. డాక్టరు చెప్పిన పొడిమేత అది సగం తిని సగం వదిలేది. మళ్ళీ రక్తం తీశారు. తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది. ఈసారి నేను ఒక్కదాన్నే వెళ్ళాను. డాక్టరు కాగితం నా ముందు పెట్టి, "మీరు నాకేదో చెప్పడం లేదండీ" అంది.

చెప్పాను. సందు, బుట్ట, నాలుగు పరిగెలు, బకెట్టు నీళ్ళు, అన్నీ. ఆ పిల్ల పెన్ను కింద పెట్టేసింది.

"రెండు నెలలండీ! పాలు కారణం కాదేమో అని నాకు మొదట్నుంచీ అనుమానమే. కానీ మీరు చెప్పిందాన్ని బట్టే కదా వెతుక్కోవాలి? చేపలు తింటే తిననివ్వండి, నాలుగు పరిగెలతో ఇంత పెరగదు. ఇంకేం పెడుతున్నారో తెలియాలి నాకు. మందులు, టానిక్కులు, విటమిన్ పొడులు. విటమిన్ డి ఎక్కువైతే కాల్షియం ఇలాగే పెరుగుతుంది. మీ ఇంట్లో ఎవరైనా వాడుతున్నారా?"

నాకు తెలిసి ఎవరూ పిల్లికి పెట్టలేదన్నాను. 'నాకు తెలిసి' అన్నప్పుడే నా అనుమానం సందు వైపు తిరిగింది. మర్నాడు పొద్దున్నే చేపలావిడ కోసం గేటు దగ్గర కాపు కాశాను.

"నిజం చెప్పు. మా పిల్లికి పరిగెలు కాక ఇంకేమైనా పెడుతున్నావా?"

"అయ్ బాబోయ్, నేనేం పెడతానండి? పెట్టినా తింటదేంటండి అది? మీ ఇంటి పిల్లండి, దానికి బోల్డు ఆచారం. తలకాయ ఏస్తే మూతి తిప్పేసుద్దండి."

"ఎండుచేపలు?"

"లేదండి."

"రొయ్యల చెరువుల్లో వేసే పొడులు ఏమైనా..."

"రొయ్యల మేత పిల్లికెందుకు పెడతానండి? దాన్ని పెంచి ఎగుమతి చేస్తానేంటండి?" అని బుట్ట కిందకి దించి, నడుం మీద చెయ్యి వేసుకుంది. "నన్ను బోనులో నిలబెట్టేరు గానండి, ఆదివారం సంగతి ఎప్పుడన్నా చూసేరాండి మీరు?"

"ఆదివారం ఏంటి?"

"ఆదివారం పూట నా బుట్ట దగ్గరికే రాదండి అది. పెద్దమ్మగారు మెట్ల మీద కూకుని గ్లాసుతో పాలు తాగుతారు కదండి. ఆవిడగారు తాగ్గా ఉన్నయ్యి కొబ్బరిచిప్పలో వంచుతారండి. అయ్యి తాగేసి మూతి నాక్కుంటా కూకుంటది. ఇంక నా పరిగెలు ఎవడిక్కావాలండి?"

"ప్రతి ఆదివారమా?"

"ఆయ్. మొన్నాదివారం కూడానండి."

ఆవిడకి కాఫీ ఇవ్వడం కూడా మర్చిపోయి లోపలికి వచ్చేశాను. వదినగారికి ఎముకలు పలచబడ్డాయని ఆవిణ్ణి చూసే డాక్టరు రెండు మందులు రాశాడు. గురువారం పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర, ఆదివారం పాలలో కలుపుకునే విటమిన్ డి పొడి. వారానికి ఒక్కటే పొట్లం. మనిషికి ఒక వారానికి సరిపోయే విటమిన్, నాలుగు కిలోల పిల్లికి వాటా! దొరికింది అనుకున్నాను. రెండు నెలలుగా వెతుకుతున్నది మా వంటింటి అలమార్లోనే ఉందనుకున్నాను.

వదినగారు కూరలు తరుగుతున్నారు.

"వదినగారూ, ఆదివారం మీ పాలు పిల్లికి పోస్తున్నారా?"

"అడుగున మిగిలిన చుక్క పోస్తాను. పారబొయ్యమంటావా?"

"డాక్టరు పాలు ఆపమంది కదండీ!"

"నువ్వు పెట్టే పాలు ఆపమంది. నేను తాగే పాలు ఆపమందా?"

"అందులో మీ పొడి ఉంటుంది. ఆ పొడి దానికి విషం. ఇన్నాళ్ళూ దానికి మీరే విషం పోశారు."

విషం అన్న మాట అనకుండా ఉంటే బాగుండేది. అన్నాను. వదినగారు కత్తిపీట పక్కకి పెట్టారు. "చాలామంది పిల్లలకి పాఠం చెప్పానమ్మాయ్. తప్పు చేసినవాణ్ణి కూడా ముందు, 'చేశావా' అని అడిగేదాన్ని" అని లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆ పూట కూర నేనే తరుక్కున్నాను.

ఆ తర్వాత పది రోజులు ఇంట్లో వినిపించింది గ్లాసు చప్పుడు ఒక్కటే. వదినగారు పాలు తాగగానే ఆ స్టీలు గ్లాసుని నా ఎదురుగా మూడుసార్లు తోమి, బోర్లించి, మళ్ళీ తిరగేసి నాకు చూపించి వెళ్ళేవారు. పిల్లి ఆదివారం మెట్ల మీద ఖాళీ చిప్ప ముందు కూర్చుని అరిచింది. వదినగారు లోపలినుంచి, "నన్నడక్కు, ఆవిణ్ణి అడుగు" అన్నారు. పిల్లితోనే అన్నారు.

పదో రోజున డాక్టరు రక్తం తీసి, ఐసులో పెట్టి హైదరాబాదు పంపించింది. విటమిన్ డి పరీక్ష రాజమండ్రిలో పిల్లులకి చెయ్యరట. "పది రోజులు మానేస్తే పోదా?" అని అడిగాను. అంత తొందరగా పోదని, ఒంట్లో ఎక్కువగా ఉంటే తప్పకుండా కనిపిస్తుందని చెప్పింది. నేను ఆ ఫలితం కోసం, పరీక్ష రాసిన పిల్లలా కాదు, తీర్పు కోసం ఎదురుచూసే ఫిర్యాదుదారులా కాచుకుని కూర్చున్నాను.

విటమిన్ డి మామూలుగా ఉంది. పిల్లి ఒంట్లో ఉండాల్సినంతే ఉంది. ఆ చుక్క పాలలో వెళ్ళింది లెక్కలోకి రానంత తక్కువట. దాంతోపాటే చేసిన, కాల్షియాన్ని అదుపులో ఉంచే మెడ గ్రంథి పరీక్ష కూడా బాగానే ఉంది. కాల్షియం మాత్రం అలాగే ఉంది.

"దీన్ని ఇడియోపతిక్ అంటామండీ. ముసలి పిల్లుల్లో వస్తూ ఉంటుంది."

"అంటే?"

"కారణం తెలియదని."

"కారణం తెలియదని చెప్పడానికి అంత పెద్ద మాటా? మా కాలేజీ ల్యాబులో సాల్ట్ ఇచ్చి ఏంటో కనుక్కోమంటే, తెలియదని రాసినదానికి సున్నా వేసేవారు."

"నాకూ సున్నానే వేసుకోండి. కానీ కారణం తెలిసేదాకా ఆగితే కిడ్నీలు ఆగవండీ."

ఆ మాటకి ఒప్పుకున్నాను. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ.

వైద్యం రెండు రకాలుగా మొదలుపెట్టారు. ఒకటి తడి మేత. డబ్బాల్లో వస్తుంది, కోడిమాంసంతో చేసింది. డబ్బా మీద అక్షరాలు వదినగారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. నాతో మాట్లాడి అప్పటికి పదిహేను రోజులు దాటింది.

"ఇందులో కోడి ఉందిటగా."

"ఉంది."

"గడప అవతల తెరువు. గాలి ఇటు రాకుండా చూడు."

రెండో వారానికి నాకు చేతకాదని చెప్పి, చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని ఆవిడే తెరవడం మొదలుపెట్టారు. మొహం పక్కకి తిప్పుకుని, ముక్కు బిగించి, చెంచాతో కొలిచినట్టు వేసేవారు. తర్వాత తలస్నానం చేసేవారు. రోజుకు రెండుపూటలా తలస్నానం. జలుబు చేస్తుందని మా ఆయన అంటే, "చేస్తే చేసింది, అది నా చేత్తో అయితే అడుగంటా తింటోంది" అన్నారు.

రెండోది మాత్ర. వారానికి ఒకటి, పరగడుపున. డాక్టరు కాగితం మీద మందు పేరు రాసి ఇస్తే వదినగారు తీసుకుని చూశారు. సంచిలోంచి తన మందుల డబ్బా తీశారు. రెండు పేర్లూ ఒక్కటే. మోతాదు వేరు.

"నా ఎముకలు విరగకుండా ఇచ్చిన మాత్ర దానికెందుకు? దానికి కాల్షియం ఎక్కువ, నాకు తక్కువ కదా?"

ఇది నేనూ అడగాల్సిన ప్రశ్నే. ఆవిడ ముందు అడిగారని నాకు కాస్త కుళ్ళు కలిగింది. డాక్టరు చెప్పింది: ఆ మాత్ర ఎముకల్లో ఉన్న కాల్షియాన్ని బయటికి పోకుండా తాళం వేస్తుంది. వదినగారికి ఎముకలు మిగులుతాయి, పిల్లికి రక్తం తేలికపడుతుంది. అయితే ఆ మాత్ర గొంతులో అంటుకుంటే పుండు పడుతుంది. మింగించగానే సిరంజీతో నీళ్ళు పట్టాలి, మూతికి కాస్త వెన్న రాయాలి, అది నాకుతూ మింగుతూ ఉంటే మాత్ర కిందకి దిగుతుంది.

"నాకు తెలుసు లెండి" అన్నారు వదినగారు డాక్టరుతో. "మింగాక అరగంట నడుం వాల్చకూడదు. నేనూ కూర్చునే ఉంటాను గురువారాలు. దీన్నీ కూర్చోబెడతాను."

మొదటి గురువారం నేను నోరు తెరిచి పట్టుకున్నాను, వదినగారు మాత్ర వేశారు. పిల్లి నన్ను గీరింది, ఆవిణ్ణి గీరలేదు. నీళ్ళు పట్టాం, వెన్న రాశాం. వదినగారు తన మాత్ర మింగి, కుర్చీలో నిటారుగా కూర్చుని, పిల్లిని ఒళ్ళో నిటారుగా పట్టుకున్నారు. ఇద్దరూ గోడ గడియారం వైపు చూస్తున్నారు. నేను చేతి మీద రక్తం కడుక్కుని వచ్చి నిలబడ్డాను.

"పరీక్షలో మీ తప్పేం లేదని వచ్చింది" అన్నాను.

"నాకు తెలుసు."

"విషం అన్నాను. అనకూడదు."

"అన్నావు. వెన్న డబ్బా మూత పెట్టు, చీమలు పడతాయి."

మూడు నెలల తర్వాత కాల్షియం పదకొండున్నరకి దిగింది. పిల్లి వెన్ను మీద కాస్త కండ పట్టింది. బకెట్టు దగ్గరికి పోవడం తగ్గింది. కుండీలో కూర్చుని అరవడం మానేసింది. పరిగెలు రెండుకి తగ్గించమని డాక్టరు అంది, చేపలావిడ తగ్గించింది. ఇప్పుడు ఆవిడ సందులో ఆగినప్పుడు వదినగారు గుమ్మంలోకి వచ్చి, "రెండే కదా?" అని పైకే అడుగుతున్నారు. మా ఆయన ఇంకా పేపరు దించలేదు.

అందరూ హాయిగా ఉన్నారు, నేను తప్ప. తగ్గింది కదా, ఇంకేంటి అంటారు. ఏది తగ్గించిందో చెప్పండి అంటాను నేను. మేత, మాత్ర ఒకేసారి మార్చాం. ల్యాబులో ఇలా చేస్తే మా లెక్చరరు గారు టెస్ట్‌ట్యూబు లాక్కునేవారు. ఒకసారికి ఒకటే మార్చాలి, అప్పుడే ఏది ఏంటో తెలుస్తుంది. ఎముకలకి తాళం వేస్తే తగ్గిందంటే ఎముకల్లోంచి వస్తున్నట్టు. మేత మారిస్తే తగ్గిందంటే పేగులు ఎక్కువ పీల్చుకుంటున్నట్టు, అంటే అది తినేదాంట్లోనో తాగేదాంట్లోనో ఏదో ఉన్నట్టు. బోరు నీళ్ళ మీద నాకు ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. వాకిట్లో ముగ్గు మళ్ళీ మొదలుపెట్టాను, కానీ బియ్యప్పిండితో.

కిందటి నెల డాక్టరుని అడిగాను. "ఒక్క నెల మాత్ర ఆపి, మేత మాత్రం ఉంచి చూద్దామా?"

డాక్టరు ఏదో అనబోయింది. వదినగారే ముందు అన్నారు. "నీ సందేహం తీరడానికి దాని కిడ్నీలు కావాలా?"

మాత్ర ఆపలేదు, ఆపను. గురువారం పొద్దున నోరు తెరిచి పట్టుకునేది నేనే. పట్టుకున్న ప్రతిసారీ ఆ గొంతులోకి చూస్తూ అడగాలనిపిస్తుంది, చెప్పగలిగిన వాళ్ళెవరైనా ఉంటే ఇప్పటికైనా చెప్పండి: ఆ కాల్షియం ఇందులోంచి లోపలికి వెళ్ళిందా, ఎముకల్లోంచి బయటికి వచ్చిందా?